కంతుల కాలంలో మా నాయన

పోయిన సోమవారం ఉల్లిగడ్డల మండీలో పొద్దున వేలం పాట ఇంకా మొదలుకాలేదు. బిల్లుల గదిలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఫోను టింగుమంది. కాన్పు తర్వాత ఆ పిల్ల ఉద్యోగానికి తిరిగొచ్చి వారం కూడా కాలేదు. ఫోను తీసి చూసి, బల్ల మీద బోర్లా పెట్టేసింది. కాసేపటికి చున్నీ సర్దుకుంది. మళ్లీ సర్దుకుంది. కళ్లు కంప్యూటర్ మీదే ఉన్నా అవి దేన్నీ చూడటం లేదని తెలిసిపోతోంది. నాకా రెండు సంగతులూ కొత్తవి కావు. ఫోను బోర్లా పెట్టిందంటే అప్పు కంతు కట్టాల్సిన తేదీ వచ్చిందని, చున్నీ సర్దుకుంటోందంటే ఇంటి దగ్గర బిడ్డ పాలకు ఏడ్చే వేళయిందని. "ఇంటికి పోయి పాలిచ్చి రాపో, పాట మొదలయ్యేలోపల వద్దువు గానీ" అన్నాను. ఆ పిల్ల లేవలేదు. "అక్కా, మీరెట్ల చేసినారక్కా ఇదంతా? కంతులు, పాలు, డ్యూటీ... నాకైతే తల తిరుగుతాండాది" అంది. "మా నాయన ఉండె" అన్నాను. "ఓ, కంతులు మీ నాయన కట్నాడా?" అని అడిగింది. "ఒక్కటి గూడా కట్లేదు. పాపను సాకినాడు" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ రోజంతా చేతులు బిల్లులు కొడుతున్నా మనసు మాత్రం ఒక పుష్కరకాలం వెనక్కి పోయి, కర్నూలు పాతబస్తీలోని మా అద్దె ఇంటి వసారాలో తిరుగుతూనే ఉంది.

అప్పుడు కూడా నేను ఇదే మండీలో లెక్కలు రాసేదాన్ని. కర్నూలు ఉల్లిగడ్డల మార్కెట్టు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, రైతులు తెచ్చిన గడ్డలు రాసులు పోస్తారు, పాట పాడతారు, కాటా వేస్తారు, మాలాంటివాళ్లం బిల్లులు రాస్తాం, సాయంత్రానికి మనిషి మనిషంతా ఉల్లిగడ్డ అయిపోతాడు. ఎంత రుద్ది స్నానం చేసినా జుట్టులోంచి ఆ వాసన పోదు. మా ఆయన వేరేవాళ్ల బండి తోలేవాడు. పెళ్లయిన రెండో ఏడు, సొంతానికి ఒక చిన్న గూడ్సు బండి కొంటే ఊళ్లనుంచి మార్కెట్టుకు గడ్డలు తోలుకోవచ్చని ఆశపడ్డాడు. ఫైనాన్సులో తీసుకున్నాం. నా జీతం ఇంటికి, బండి బాడుగలు కంతుకు అని వేసుకున్న లెక్క కాగితం మీద ఎంత ముచ్చటగా ఉండేదో! ఆ లెక్కలో లేనిది ఒక్కటే, మా పాప.

పాప నెలలు నిండకముందే, కర్నూలు ఎండలు మండిపోయే రోజుల్లో పుట్టింది. పిడికెడంత ఉండింది. కొన్ని వారాలు ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. నేను అద్దంలోంచి చూస్తూ కూర్చునేదాన్ని, మా ఆయన బయట దుడ్ల కోసం తిరిగేవాడు. నా గాజులు, గొలుసు తాకట్టుకు పోయాయి. పొదుపు సంఘంలో నా పేరు మీద వచ్చేంత అప్పూ తెచ్చాం. పాప బతికింది, బరువు పెరిగింది, ఇంటికొచ్చింది. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే మూడు అప్పులు గుమ్మంలో కూర్చుని ఉన్నాయి. మండీ ఉద్యోగంలో కాన్పు సెలవుకు జీతమెక్కడిది? నేను పోనన్ని రోజులకూ జీతం రాలేదు. శ్రావణం దగ్గరపడింది, కొత్త గడ్డలు మార్కెట్టుకు వచ్చే కాలం. "వచ్చేటట్టుంటే చెప్పు, లేకుంటే ఇంకొకర్ని చూసుకుంటాం" అని మా సావుకారు కబురు పంపాడు. పోక తప్పదు. కానీ పాపను ఎవరు చూసుకోవాలి? మా అత్త లేదు, మా పెళ్లికి ముందే పోయింది. మా అమ్మ డోన్ దగ్గర మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఫోను చేస్తే ఆమె ఖండితంగా చెప్పింది. "నేనొస్తే ఆ పని ఇంగొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ రాదు. మీ నాయన ఖాళీగా ఉండాడు కదా, ఆయన్ను తీస్కపో." నేను ఎగతాళి అనుకున్నాను. రెండోరోజు పొద్దున మా నాయన రెక్సిన్ సంచి భుజానికి తగిలించుకుని మా గడప ముందు నిలబడ్డాడు.

మా నాయన లారీ డ్రైవరు. డోన్ నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు, ఒక్కోసారి నాగపూరు దాకా, ముప్పై ఏళ్ల పైన స్టీరింగు పట్టినవాడు. ఒక కంట్లో చూపు తగ్గితే ఓనర్లు బండి ఇవ్వడం మానేశారు. పొగాకు అలవాటు లేదు, తాగుడు లేదు, ఇంట్లో కూర్చోవడం మాత్రం చేతకాదు. మా ఊరి బస్టాండులో కూర్చుని వచ్చీపోయే బండ్ల ఇంజిను చప్పుళ్లకు వంకలు పెట్టేవాడు. నేను పుట్టినప్పుడు ఆయన ఎక్కడో దారిలో ఉన్నాడట. ఇంటికొచ్చేసరికి నేను బోర్లా పడి తల ఎత్తుతున్నానని, నన్ను చూసి "ఎవరి బిడ్డ ఈమె?" అని అడిగాడని మా అమ్మ దెప్పుతూ ఉండేది. చెల్లెలు పుట్టినప్పుడూ అంతే. అలాంటి మనిషి చేతికి నాలుగు నెలల పసిదాన్ని ఇవ్వాలంటే నాకు భయం వేసింది. ఆయనకూ భయమే. పాపను అందుకుని, రెండు చేతులూ చాపి, స్టీరింగు పట్టినట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "యాడ పట్టుకోవాలమ్మా ఈమెను? అంతా మెత్తగానే ఉండాదే!" అన్నాడు.

పక్కింటి ఖాలా లేకపోతే ఏమయ్యేదో. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ, మా వీధి మొత్తానికీ ఆమె ఖాలానే. ఆరుగురిని పెంచిన మనిషి. నాయనను మొదటిరోజు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మగాయన బిడ్డను సాకుతాడా! దునియా మారిపాయె" అని నలుగురికీ చెప్పింది కూడా. కానీ వారం తిరక్కుండానే ఆయనకు గురువైంది. కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, నీళ్లు పోయడం ఆమే నేర్పింది. నాయన లారీ కడిగినంత శ్రద్ధగా నేర్చుకున్నాడు. చెవి వెనక, మెడ మడతల్లో, వేళ్ల సందుల్లో, ఎక్కడా మురికి ఉండకూడదు. పొద్దున నేను పిండి పెట్టిపోయిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా తాపేవాడు. వేడి సరిపోయిందో లేదో ముంజేతి మీద పోసుకుని చూసేవాడు. "ఇంజిన్లో నూనె పోసేటప్పుడు గూడా ఇంత చూసుకోలేదమ్మా" అనేవాడు.

జోలపాటలు ఆయనకు రావు. వచ్చింది ఒక్కటే, దారి. వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, పాపను భుజాన వేసుకుని, గొంతులోంచి సన్నగా ఇంజిను చప్పుడు చేస్తూ, ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పేవాడు. "డోన్ ఇడిసినాం... వెల్దుర్తి వచ్చ... కర్నూలు వచ్చ... తుంగభద్ర బ్రిడ్జి దాటినాం... అలంపూరు చౌరస్తా..." పాప మామూలుగా పెబ్బేరు దగ్గర నిద్రపోయేది. పళ్లొచ్చే రోజుల్లో జడ్చర్ల దాకా పోవాల్సొచ్చేది. ఒక జ్వరంనాడు హైదరాబాదు చేరినా నిద్రపోకపోతే, ఆయన బండి తిప్పుకుని మళ్లీ డోన్‌కు బయల్దేరాడు. నేను వంటగదిలో రొట్టెలు తడుతూ ఆ ఊళ్లన్నీ వినేదాన్ని. నా చిన్నప్పుడు ఆయన ఇంట్లో లేకుండా పోయిన ఊళ్లన్నీ ఇవే కదా అనుకునేదాన్ని. కోపమేమీ లేదు. ఆ ఊళ్లే ఇప్పుడు మా ఇంటికి వచ్చి నా బిడ్డను నిద్రపుచ్చుతున్నాయని తమాషాగా ఉండేది.

మండీకి పోయిన మొదటిరోజే సావుకారును అడగాల్సింది అడిగేశాను. మధ్యాహ్నం పూట కాసేపు పాపకు పాలివ్వాలి, ఇంటికి పోయివచ్చే టైము లేదు, మా నాయన పాపను ఇక్కడికే తెస్తాడు, ఒక మూల చాలు అన్నాను. మా సావుకారు నల్లటి, పొట్టి మనిషి. నవ్వితే వడ్డీ పోతుందేమో అన్నట్టు ఉంటాడని హమాలీలు అనుకునేవాళ్లు. కళ్లజోడు పైకి జరిపి నన్ను చూశాడు. "ఇది మండీనా, బాలవాడీనా?" అన్నాడు. నేను బిల్లు పుస్తకం మీదికి తల వంచుకున్నాను. ఏమన్నా అంటే ఏడుస్తానని భయం. ఆయన కాటా వైపు చూసి, "గోనెసంచుల రూములో కూసోపో. పాటలప్పుడు మాత్రం కుదరదు" అన్నాడు. అలా మధ్యాహ్నం పాటలు ఆగే వేళకు, మా నాయన తుండుగుడ్డలో పాపను రొమ్ముకు కట్టుకుని, షేర్ ఆటో దిగి, ఉల్లిగడ్డల రాసుల మధ్యలో కాళ్లు జాగ్రత్తగా పెట్టుకుంటూ వచ్చేవాడు. హమాలీలు "తాత బండి వచ్చె, దారి ఇడ్సండప్పా!" అని అరిచేవాళ్లు. గోనెల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, సంచుల మీద కూర్చుని పాలిచ్చేదాన్ని. నా ఒంటి వాసనకు పాప అలవాటుపడిపోయింది. ఆదివారం తలంటుకుని శుభ్రంగా వచ్చి ఎత్తుకుంటే మొహం తిప్పుకుని ఏడ్చేది. ఉల్లిగడ్డ వాసన లేకపోతే నేను దానికి అమ్మనే కాదు. కొన్నాళ్లకు ఆ గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపించింది. నేను సావుకారు మొహంలోకి చూస్తే ఆయన గసిరినట్టు, "గోనెలు ముక్కిపోతాండాయి, గాలి తగలాల వాటికి" అన్నాడు. ఆ గోనెలు అప్పటికి ముప్పై ఏళ్లుగా గాలి లేకుండానే ఉన్నాయి.

జీతం వచ్చిన రోజు ఇంటికి పోకముందే కట్టాల్సినవి కట్టేసేదాన్ని. ఇంటికి తీసుకుపోతే ఏదో ఒక అవసరం చెయ్యి చాపుతుంది. మొదట పొదుపు సంఘానికి. అక్కడ నేను కట్టకపోతే నాతోపాటు ఉన్న ఆడవాళ్లందరి మీదా పడుతుంది. ఆమధ్య ఒకామె కట్టలేక వీధి మార్చి నడవడం నేను చూశాను. తర్వాత తాకట్టు వడ్డీ, గొలుసు వేలంలోకి పోకుండా ఉండేంత మాత్రం. బండి కంతు మా ఆయన బాడుగల్లోంచి. మిగిలింది బియ్యానికి, జొన్నలకు. నాయనకు ఈ వరస నచ్చేది కాదు. "ముందు బండిది కట్టాలమ్మా. బండి తిరిగితే అన్నీ తిరుగుతాయి. బండి నిలబడితే అన్నీ నిలబడతాయి" అనేవాడు. "బండికి ఫైనాన్సోళ్లు మాత్రమే ఉండారు నాయనా, సంఘంలో పదిమంది ఉండారు. పొద్దున లేస్తే వాళ్ల మొహాలు చూడాల నేను" అనేదాన్ని. ఇద్దరం మొండివాళ్లమే. మా ఆయన రెండువైపులా తలూపి రొట్టె తినేవాడు.

ఆదివారాలు బాడుగ లేకపోతే నలుగురం బండెక్కి ఓర్వకల్లు వైపు పోయేవాళ్లం. రోడ్డు ఖాళీగా, రాళ్ల కొండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు నిలబడి ఉండేవి. నీడ పట్టున కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. అక్కడే ఒకనాడు నాయన ఉన్నట్టుండి, "నువ్వు కూసో ముందర" అన్నాడు. ఎందుకంటే, ఊరికే, పొద్దుపోవాలని. మా ఆయన పగలబడి నవ్వాడు గానీ, లర్నింగ్ లైసెన్సు తెచ్చిపెట్టింది కూడా ఆయనే. నాయన పక్కన కూర్చుని నేర్పేవాడు. పాప ఆయన ఒళ్లో. నేను గేరు మార్చినప్పుడల్లా బండి గేదెలా కుప్పించేది. పాప కిలకిలా నవ్వేది. "దానికి మాత్రం బాగుండాది నీ డ్రైవింగు" అనేవాడు మా ఆయన. దసరా దాటేసరికి పక్కా లైసెన్సు కూడా వచ్చింది. బియ్యం డబ్బాలో దాచిపెట్టాను. దానితో పని పడుతుందని ఎవరనుకున్నారు?

ఆ ఏడు కార్తీకంలో ఎన్నడూ పట్టని వాన పట్టింది. మార్కెట్టులో తడిసిన సంచుల మీద నుంచి జారి మా ఆయన కాలు విరిగింది. మోకాలి కింద నుంచి పిండికట్టు వేసి, మూడు నెలలు నేల మీద మోపొద్దన్నారు. సరిగ్గా గడ్డలు ముమ్మరంగా వచ్చే కాలం. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడిపోయింది. కిరాయి డ్రైవర్లకు అప్పుడు ఎక్కడలేని గిరాకీ, దొరికినా వాళ్లకిచ్చింది పోను మిగిలేదేమీ లేదు. ఒక కంతు తప్పింది. రెండోదీ తప్పింది. మా ఆయన ఫోను మోగుతుంటే దిండు కింద పెట్టేసేవాడు. నేను గట్టిగా అడిగితే, "ఎత్తి ఏం చెప్పాల? కాలు లేదని చెప్పాలనా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచి మనిషి. కానీ మంచివాళ్లకు సిగ్గు కూడా ఎక్కువ.

ఒకరోజు పొద్దున నేను మండీలో ఉండగా ఫైనాన్సు మనుషులిద్దరు బండి తీసుకుపోవడానికి వచ్చారు. ఆ వేళకు నాయన పాపకు గాలి తగలాలని బండి ముందర సీట్లో కూర్చుని ఉన్నాడు. పాప భుజం మీద నిద్రపోతోంది. తాళం చెవి ఆయన మొలతాడుకు ఉంది. "దిగు పెద్దాయనా, బండి తీస్కపోవాల, ఆర్డరుండాది" అన్నారట వాళ్లు. నాయన పెదవుల మీద వేలు పెట్టుకుని, "తీస్కపోండప్పా, నేను కాదంటినా? పాప ఇప్పుడే నిద్దరపోయింది. కదిలిస్తే లేస్తాది. లేసినాక మాట్లాడుకుందాం. ఆ నీడకు కూసోండి" అన్నాడట. వాళ్లు గొంతు పెంచబోతే, "మెల్లగప్పా, మెల్లగ. మీకు బిడ్డలు లేరా?" అన్నాడట. వాళ్లలో ఒకడికి ఉన్నారు. పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. రెండోవాడు కాసేపు నిలబడి, వాడూ కూర్చున్నాడు. ఖాలా వాళ్లకు టీ పెట్టి ఇచ్చి, లోపలికొచ్చి నాకు ఫోను చేసింది. బండి జప్తుకు వచ్చినవాళ్లు బిడ్డ లేస్తుందేమోనని గుసగుసలాడుకుంటూ కూర్చున్నారని, ఆ సంగతి ఆమె ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంది. మా ఆయన మాత్రం లోపల మంచం మీద కళ్లు మూసుకుని అంతా వింటూ ఉన్నాడట.

నాకప్పుడు నవ్వు రాలేదు. ఆటోలో కూర్చున్నంతసేపూ తప్పిన కంతులనే లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇంటి ముందు దిగేసరికి ఆ లెక్క పోయి, దాని చోట ఏదో మొండితనం వచ్చింది. "బండి ఈడ్నే ఉంటాది. ఆఫీసుకు నేనొస్తా, పదండి" అన్నాను వాళ్లతో. నాయన పాపతో సహా దిగి నా వెంట వచ్చాడు. ఫైనాన్సు ఆఫీసులో మేనేజరు నాకన్నా చిన్నవాడు. కసిరాడని చెప్పలేను. "ఫోన్ ఎత్తకపోతే మేమేమనుకోవాలమ్మా?" అన్నాడు. అది నిజమే. ఇకనుంచి నాకే ఫోను చేయమని నా నంబరు ఇచ్చాను. మా ఆయన కాలు సంగతి, పాప సంగతి, నా జీతం సంగతి, తక్కిన రెండు అప్పుల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. "తప్పిన కంతులు ఒక్కసారి కట్టమంటే నాతో కాదు. ఈ నెలది కడతా. పాతవి ఇడగొట్టి చివర్లో కలపండి" అన్నాను. "అట్ల చేస్తే వడ్డీ పెరుగుతాదమ్మా" అన్నాడు. "పెరగనీండి సార్. బండి పోతే ఆ వడ్డీ గూడా కట్టలేను నేను" అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "బండి తిరగందే మీరు కట్టేదెట్ల? తోలేదెవరు?" అని అడిగాడు. "నేనే" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు. పక్కన నాయన ఒళ్లో పాప మేనేజరు బల్ల మీద పెన్ను అందుకోవడానికి వంగుతోంది. నాయన దాన్ని వెనక్కి లాక్కుని, నా వైపు ఒక్కసారి చూసి, మేనేజరుతో, "తోల్తాది సార్. నేను నేర్పిచ్చినా. గేరు ఒక్కటే కొంచెం మొరటు" అన్నాడు. మేనేజరు నవ్వు ఆపుకుని అర్జీ రాసివ్వమన్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. నాయన ఓదార్చలేదు. "ఏడ్సేది అయిపోతే పోదాం పద, దీనికి పాల టైమైంది" అన్నాడు.

మండీకి పోయి సావుకారుకు చెప్పాను. కోడుమూరు వైపు పల్లెల్లో గడ్డలు కోసి గట్ల మీద పెట్టుకుని బండ్లు దొరక్క రైతులు తిట్టుకుంటున్న రోజులు. ఆయన అడ్వాన్సు ఇస్తాడేమో, ఇస్తే వద్దనాలి, తీసుకుంటే నాలుగో అప్పు అవుతుందని దారంతా అనుకుంటూ పోయాను. ఆయన అడ్వాన్సు మాటే ఎత్తలేదు. "పొద్దున పాటకు సరుకు దింపితే బాడుగ ఏ రోజుది ఆ రోజు. లేటయితే నీ సీటు ఖాళీగుంటే ఊరుకోను" అన్నాడు. అంతకన్నా మంచి మాట ఆ నెలలో ఎవరూ నాతో అనలేదు.

మరుసటిరోజు తెల్లవారకముందే లేచి బయటికి వస్తే, మా ఆయన కర్ర ఊతంతో బండి దగ్గర నిలబడి అద్దం తుడుస్తున్నాడు. టైర్లు కాలితో తన్ని చూడబోయి, ఒక కాలు లేదని గుర్తొచ్చి, చేత్తో తట్టి చూశాడు. "మెల్లగ పో" అన్నాడు. అంతే. నేను స్టీరింగు ముందు, నాయన పక్కన, ఆయన రొమ్ము మీద తుండుగుడ్డలో పాప. బస్తీ దాటి కోడుమూరు రోడ్డెక్కేసరికి చలిగాలి. జొన్నచేల మీద మంచు. దూరంగా కల్లాల్లో ఎవరో మంట వేసుకున్న పొగ. ఆ తర్వాత ఎర్రనేల అంచున ఎర్రటి సూర్యుడు మెల్లగా పైకి వచ్చేవాడు. నాయన దారిని చూడటంకన్నా ఎక్కువ వినేవాడు. "థర్డులో ఏడుస్తాండాది, మార్చు." "క్లచ్చి మీద కాలు తియ్." మంచిగా తోలినప్పుడు మాత్రం ఏమీ అనడు. ఆయన మౌనమే నాకు మార్కులు. మొదటిరోజు ఒక పల్లెలో సంచులు ఎత్తుతున్న రైతు నన్ను చూసి నాయనతో, "ఏమప్పా, ఆడమనిషి తోల్తాండాదే! మా గడ్డలు మార్కెట్టు చేరేది కద్దా?" అన్నాడు. నాయన పాప నోటి దగ్గర ఉగ్గుగిన్నె కదలకుండా పట్టుకుని, "చక్రం తిప్పేది చేతులప్పా, మీసాలు కాదు" అన్నాడు. రైతు మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. అతని గడ్డలు పాటకు ముందే చేరాయి.

ఆ సీజనంతా అలాగే. లోడు దించి, చేతులు కడుక్కుని, బిల్లుల గదిలో కూర్చుని, నేనే తెచ్చిన గడ్డలకు నేనే బిల్లు రాసేదాన్ని. అలసట లేదని చెప్పను. ఒక్కోరోజు పెన్ను చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడేవి. రెండుసార్లు బండి ఆగింది, ఒకసారి పాపకు విరేచనాలు పట్టుకుంటే వారం రోజులు పనే లేదు, ఆ వారం ఖాలా దగ్గర బియ్యం చేబదులు తెచ్చుకున్నాం. అయినా కంతు మళ్లీ తప్పలేదు. సంక్రాంతి దాటాక మా ఆయన కాలు కింద పెట్టాడు, కొన్నాళ్లకు స్టీరింగు నా దగ్గర నుంచి తీసుకున్నాడు. నేనిచ్చాను గానీ, నిజం చెప్పాలంటే కొంచెం దిగులుగానే ఇచ్చాను. మరుసటి ఏడు సంఘం అప్పు తీరింది. ఆ పై ఏడు గొలుసు, గాజులు ఇంటికొచ్చాయి. గాజులు చేతికి ఎక్కలేదు. గేర్లు మార్చి, సంచులు లాగి చేతులు మొద్దుబారిపోయాయని నాయన నవ్వాడు.

బండి ఆఖరి కంతు కట్టిన వారంలోనే పాపను బడిలో వేశాం. నాయన పాపను భుజాన మోసుకుపోయి దింపి, సాయంత్రం తీసుకొచ్చి, అన్నం తింటూ, "ఇంగ నేను ఊరికి పోతానమ్మా. ఈడ నాకు పనేముండాది?" అన్నాడు. ఉండమని నేనూ, మా ఆయనా ఎంత చెప్పినా వినలేదు. మా అమ్మ ఒంటరిగా ఉంది, అదీ నిజమే. బస్టాండుకు నలుగురం పోయాం. పాప కిటికీ చువ్వలు పట్టుకుని వదల్లేదు. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. బస్సు కదిలాక నాయన తల బయటికి పెట్టి, డ్రైవరు గేరు మార్చిన తీరు బాగాలేదన్నట్టు మొహం పెట్టాడు. అది మమ్మల్ని నవ్వించడానికని అందరికీ తెలుసు. ఎవరమూ నవ్వలేకపోయాం.

ఇప్పుడు ఆయన డోన్‌లోనే ఉన్నాడు. రెండో కన్ను కూడా మందగించింది. పాప బాగా ఎత్తు పెరిగింది, సెలవులకు పోతే ఆయన దాన్ని భుజాల దగ్గర తడిమి చూసి, "ఎవరి బిడ్డ ఈమె?" అంటాడు, వేళాకోళానికే. ఆ కంతుల కాలమంతా నేను దేవుణ్ని కోరుకున్నది ఒక్కటే, ఈ నెల ఎలాగైనా గడిచిపోవాలని. గడిచింది, దాని వెనక ఇంకొకటీ గడిచింది. పాప మొదటి పన్ను, మొదటి అడుగు, నాయన చేతుల్లో ఇంకా మిగిలి ఉన్న సత్తువ, అన్నీ ఆ నెలల్లోనే ఉన్నాయని అప్పుడు నాకు తోచలేదు. ఎప్పుడు గడుస్తాయా అని వెనక్కి తోసేసిన ఆ నెలల్లో, ఒక్కటంటే ఒక్కటి మళ్లీ వస్తే ఎంత బాగుండునో అని ఇప్పుడనిపిస్తుంది.